మా పడవకి ఏడు కన్నాలు

(చెన్నైలో తెలుగువాళ్ళ నెలవారీ సమావేశంలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే ఎత్తి రాశాం, అక్కడక్కడా కొద్దిగా సరిచేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? సరే.

అన్నయ్యగారు నన్ను పరిచయం చేస్తూ "సముద్రాన్ని జయించబోతున్న దంపతులు" అన్నారు. అంత సీను లేదండీ. ఫ్లాటు వదిలేసి ఒక పాత తెరచాప పడవలో కాపురం పెట్టబోతున్నాం, అంతే. గత రెండేళ్ళలో నేను చూసింది సముద్రం కాదు, సింకు కింద చీకటి. చేతిలో స్పానరు, నోట్లో టార్చి, వీపు కింద ఏదో బోల్టు గుచ్చుకుంటూ ఉంటుంది. సూర్యాస్తమయాల గురించి వినొచ్చని వచ్చినవాళ్ళుంటే వెనకాల కాఫీ ఉంది, మొహమాటపడకండి. (నవ్వులు)

నేను ముప్ఫయ్యేళ్ళు బ్యాంకులో పనిచేశాను. మా ఆయన పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో. విల్లివాక్కంలో మాకో ఫ్లాటుంది. మా ఇద్దరి వైపూ ఏడు తరాలు వెతికినా సముద్రంలో మోకాలి లోతుకి మించి దిగినవాళ్ళు లేరు. 2018 మేలో పేపర్లో ఒక వార్త చూశాను. నేవీ అమ్మాయిలు ఆరుగురు 'తారిణి' అనే తెరచాప పడవలో 254 రోజుల్లో భూమి చుట్టి గోవాకి వచ్చారు. ఆరుగురిలో ఇద్దరు మనవాళ్ళు. విశాఖపట్నం నుంచి పి. స్వాతి, హైదరాబాదు నుంచి బొడ్డపాటి ఐశ్వర్య. ఆ వార్త కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించాను. అందులో నన్ను పట్టుకున్నది వేరే సంగతి. దక్షిణ అమెరికా కొసనున్న కేప్ హార్న్ లాంటి చోటు దాటొచ్చిన పడవ, ఇంటికి దగ్గరపడ్డాక చుక్కాని తిప్పే సామాను చెడిపోతే, ముందు అనుకోని మారిషస్‌లో ఆగి బాగుచేయించుకుంది. అంటే అలలు ఆపలేని పడవని ఒక రిపేరు ఆపింది. ఆ ముక్క అప్పుడు నాకు ఒంటబట్టలేదు. ఇప్పుడు రోజూ గుర్తొస్తుంది.

ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అంటారు కదా, మా ఇంట్లో నిజంగానే బండి ఓడైంది. కారు అమ్మేశాం, దానికి ఆయన పీఎఫ్‌లోంచి కొంత కలిపి, కొచ్చిలో ఆగిపోయిన ఒక విదేశీ పెద్దాయన దగ్గర పడవ కొన్నాం. కాగితాల కథ మొదలుపెడితే రాత్రి భోజనాలకి కూడా ఇక్కడే ఉంటారు, వదిలేద్దాం. పడవ పొడవు 34 అడుగులు, ఫైబర్‌గ్లాసు, 1986లో కట్టింది. లోపల నేను నిటారుగా నిలబడగలను, ఆయన తల వంచుకోవాలి. పెళ్ళయిన ముప్ఫై రెండేళ్ళకి దేవుడు నా మొర విన్నాడు. (నవ్వులు)

మద్రాసులో ఉండి కొచ్చిలో పడవేంటి అని అడుగుతారు. ఇక్కడ రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ 1911 నుంచీ ఉంది, నిజమే. కానీ మాలాంటివాళ్ళు పడవ కట్టేసుకుని, నీళ్ళూ కరెంటూ తీసుకుని, నెలల తరబడి పని చేసుకునేందుకు కొచ్చి బోల్గాట్టిలో మెరీనా, అంటే ఇలాంటి పడవల రేవు, వీలుగా ఉంది. శుక్రవారం రాత్రి సెంట్రల్లో ఆలెప్పీ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాం, పొద్దున్న ఎర్నాకుళంలో దిగుతాం. ఇటునుంచి వెళ్ళేటప్పుడు సంచుల్లో నట్లూ బోల్టులూ, అటునుంచి వచ్చేటప్పుడు మాసిన బట్టలూ, కొలతలు రాసుకున్న చీటీలూ.

ఇప్పుడొక వస్తువు మీకిస్తాను, చేతులు మార్చుకుంటూ చూడండి. మెల్లగా పట్టుకోండి, పొడి రాలుతుంది.

అది వాల్వు. పడవ కొన్న కొత్తలో మా ఆయన నన్నడిగారు, "నీటి మట్టానికి కింద మన పడవకి ఎన్ని కన్నాలున్నాయో చెప్పు" అని. కన్నాలేంటండీ, పడవకి కన్నాలుంటే మునగదూ అన్నాను. ఏడున్నాయి. ఇంజిను చల్లబడడానికి నీళ్ళు లోపలికొచ్చేది ఒకటి. టాయిలెట్టుకి నీళ్ళు వచ్చేదొకటి, పోయేదొకటి. సింకులు రెండూ ఖాళీ అయ్యేవి రెండు. లోతు కొలిచే పరికరానిది ఒకటి, వేగం కొలిచేదానిది ఒకటి. పరికరాలవి రెండూ బిగించి మూసేసినవి, మిగతా అయిదింటికీ తలా ఒక వాల్వు. వాల్వుకీ సముద్రానికీ మధ్య ఇంకేమీ లేదు.

మొదటి ఏడాది మేం వారాంతాలు హాయిగా పడవలోనే పడుకున్నాం. ఆ తర్వాత అడుగున రంగు వేయించడానికి ఒక యార్డులో పడవని ఒడ్డుకెక్కించాం. నేను సింకు కింద దూరి తుడుస్తుంటే వాల్వు మెడ దగ్గర గులాబీ రంగు మచ్చ కనిపించింది. నాకది కొత్త రంగు కాదు. ఇత్తడి చెంబుకి చింతపండు పట్టించి కడక్కుండా మర్చిపోతే వచ్చే రంగు. ఆడవాళ్ళు తలలూపుతున్నారు, చూశారా? "ఏమండీ, ఇది చింతపండు రంగులో ఉందేంటి?" అన్నాను. ఆయన వచ్చి చాకుతో గీకారు. లోపల పసుపు రంగు కనిపించలేదు, ఎర్రగా పొడి రాలింది. పిడి పట్టుకుని తిప్పబోయారు. మెడ దగ్గర విరిగి చేతిలోకొచ్చేసింది. మారీ బిస్కెట్ విరిగినట్టు, చప్పుడు కూడా లేదు.

ఇత్తడి అంటే రాగీ జింకూ. ఉప్పు నీళ్ళలో ఏళ్ళ తరబడి ఉంటే జింకు మెల్లగా వెళ్ళిపోతుంది, రాగి మాత్రం స్పంజిలా మిగులుతుంది. ఆకారం అదే, బలం ఉండదు. మా ఆయన ఆ రాత్రి లెక్క వేశారు. ఒకటిన్నర అంగుళం కన్నం, నీటికి రెండడుగుల కింద. నిమిషానికి దాదాపు 140 లీటర్లు లోపలికొస్తాయి. మన భాషలో చెప్పాలంటే నిమిషానికి ఏడు క్యాన్లు. ఇరవై లీటర్ల క్యాను ఒకటి మూడో అంతస్తుకి మోయించుకోవడానికే మనం వాచ్‌మన్‌ని బతిమాలతాం, అలాంటిది నిమిషానికి ఏడు! మా పడవలో ఉన్న నీళ్ళు తోడే పంపు కొత్తగా ఉన్నా అంత తోడదు. ఆ బిస్కెట్ ముక్క పక్కనే ఏడాది పాటు మేం గురకపెట్టి పడుకున్నాం.

ఇంకా ఉంది. కొత్త వాల్వులు ఇక్కడే, చెన్నై ప్యారిస్ కార్నర్ వైపు కొన్నాం. కొట్టు పేరు చెప్పను. గన్‌మెటల్ కావాలన్నాం, గన్‌మెటలే అని బిల్లు మీద కూడా రాసిచ్చారు. గన్‌మెటల్లో రాగి 85 పాళ్ళుంటే తగరం, సీసం, జింకు తలా 5 ఉంటాయి. అది ఉప్పు నీళ్ళకి ఓర్చుకుంటుంది. మా ఆయనకి అనుమానమొచ్చి పాత స్నేహితుడి ద్వారా ల్యాబులో చూపిస్తే జింకు నలభై దగ్గర తేలింది. మామూలు కొళాయి ఇత్తడి! వెనక్కి తీసుకెళ్తే కొట్టాయన ఏమాత్రం తొణక్కుండా, "మీ బాత్రూంకి ఇది చాలు సార్" అన్నాడు. మాది బాత్రూం కాదయ్యా, బాత్రూం చుట్టూ సముద్రముంది అని ఈయన. (నవ్వులు) చివరికి సరైనవి దొరికాయి, ఒక్కోటీ దానికి నాలుగు రెట్ల ఖరీదు. ఇప్పుడు ప్రతి వాల్వు పక్కనా ఒక చెక్క బిరడా తాడుతో కట్టి ఉంటుంది. వాల్వు ఊడితే వెతుక్కోకుండా సుత్తితో కొట్టెయ్యడానికి.

మన మద్రాసుకి రేవు కట్టకముందు ఓడలు దూరంగా ఆగేవి, మనుషుల్నీ సరుకుల్నీ మసూలా పడవల్లో అలల మీదుగా ఒడ్డుకి తెచ్చేవాళ్ళు. ఆ పడవల చెక్కల్ని మేకులతో కాదు, కొబ్బరి తాళ్ళతో కుట్టేవాళ్ళు. అల కొడితే విరక్కుండా వంగుతాయని. నేను ఇంకొకటి కూడా అనుకుంటాను. వాటికి తుప్పు పట్టడానికి మేకే లేదు, గులాబీ రంగెక్కడానికి ఇత్తడీ లేదు. కట్టినవాడికి రసాయన శాస్త్రం తెలియకపోవచ్చు, సముద్రం ఏం తింటుందో మాత్రం బాగా తెలుసు.

ఇక నీళ్ళు. దీనికి మాకు ట్రైనింగ్ ఇచ్చింది కొచ్చి కాదు, మన ఊరే. 2019 వేసవి గుర్తుందా? పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం, ఊరికి నీళ్ళిచ్చే నాలుగు చెరువులూ ఎండిపోయాయి. కండలేరు నుంచి రావాల్సిన మన కృష్ణ నీళ్ళు కూడా అందలేదు. జూలై 12న జోలార్‌పేట నుంచి నీళ్ళ రైలు వచ్చింది, పాతిక లక్షల లీటర్లు. అది వచ్చి ఆగింది మా విల్లివాక్కంలోనే. మేడ మీదనుంచి ఆ వ్యాగన్లు చూస్తూ నిలబడ్డాం. ఆ రోజుల్లో మా ఇంట్లో బియ్యం కడిగిన నీళ్ళు మొక్కలకి, బట్టలు ఉతికిన నీళ్ళు టాయిలెట్టుకి. లారీ వచ్చే రోజు రంగురంగుల బిందెలు వరసగా పెట్టి కాపలా. అప్పుడు ఏడ్చుకుంటూ నేర్చుకున్న పాఠాలే పడవలో పనికొచ్చాయి.

మా పడవ ట్యాంకులు రెండూ కలిపి 300 లీటర్లు. ఊళ్ళో మనిషికి రోజుకి 135 లీటర్లు కావాలని ప్రభుత్వ ప్రమాణం. ఆ లెక్కన ఇద్దరికీ ఒక్క రోజు దాటి కొద్దిగా వస్తాయి. మేం నెలకి పైగా ఫ్లాట్లోనే పరీక్ష పెట్టుకున్నాం. కొళాయిలన్నీ కట్టేసి, వరండాలో 300 లీటర్ల డ్రమ్ము పెట్టి, అది అయ్యేదాకా ఇంకో చుక్క ముట్టుకోకూడదని. మొదటిసారి ఆరు రోజుల్లో అయిపోయింది. ఎవరు ఎక్కువ వాడారనే దాని మీద రెండు రోజులు మాటల్లేవు. (నవ్వులు) రెండోసారి పదకొండు. మూడోసారి పద్దెనిమిది రోజులు లాగాం, అంటే మనిషికి రోజుకి ఎనిమిది లీటర్లు. కిటుకు ఏమిటంటే కొళాయి తిప్పేది కాకుండా కాలితో తొక్కేది పెట్టుకోవడం. తొక్కితేనే నీళ్ళు, కాలు తీస్తే ఆగిపోతాయి. సముద్రంలో ఉన్నప్పుడు గిన్నెలు ఉప్పు నీళ్ళతో తోమి, చివర్న ఒక్క గ్లాసు మంచినీళ్ళతో తొలిపితే చాలు. స్నానం సంగతి... అది ఇంకోసారి చెబుతాను.

కరెంటు గురించి మా ఆయన మాట్లాడితే బాగుండేది, కానీ ఆయన మొదలుపెడితే ఆపరు. నేను బ్యాంకు భాషలో చెబుతాను. బ్యాటరీ అంటే ఖాతా, సోలార్ పలక అంటే జీతం. చిన్న ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, లైట్లు, ఫోన్లు, లాప్‌టాప్ కలిపి రోజుకి మాకు దాదాపు ఒక యూనిట్. రెండు నెలలకి అరవై. తమిళనాడులో ఇళ్ళకి 2016లో రెండు నెలలకి వంద యూనిట్లు ఉచితం చేశారు కదా, పడవలో బతికితే ఆ వందలో నలభై మిగిలిపోతాయి! ఫ్లాట్లో ఏసీతో మా బిల్లు ఎంతో మీకు చెప్పను. పలకలు 400 వాట్లవి పెట్టాం. మంచి ఎండ రోజున ఖర్చు పోగా మిగులుతుంది, జూన్ వర్షాల్లో ఖాతా తరిగిపోతుంది. పాత సీసం బ్యాటరీలయితే సగానికి మించి వాడకూడదు, వాడితే వాటి ఆయుష్షు తగ్గుతుంది. అంటే మినిమం బ్యాలెన్స్ సగం! అందుకే ఆ బాధ లేని లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీలు వేయించాం. 200 ఆంపియర్-అవర్లది నేనొక్కదాన్నే మోయగలను.

ఇక్కడ మా ఇద్దరికీ అసలు యుద్ధం గ్రైండరు మీద వచ్చింది. ఇడ్లీ లేకుండా నేను పడవెక్కనన్నాను. ఆయన మిక్సీ తెచ్చుకో, గ్రైండరు కరెంటు తాగేస్తుంది అన్నారు. చిన్న టేబుల్ గ్రైండరు 150 వాట్లు, అరగంట తిరిగితే 75 వాట్-అవర్లు. మిక్సీ 750 వాట్లు, అయిదు నిమిషాలు తిరిగితే 62. ఎత్తి చూపించాను, ఖర్చు దాదాపు ఒకటే! పైగా మిక్సీ వేసిన క్షణాన 12 వోల్టుల బ్యాటరీలోంచి అరవైకి పైగా ఆంపియర్లు లాగుతుంది, దానికి బాగా లావు వైర్లు, పెద్ద ఇన్వర్టరు కావాలి. గ్రైండరుకి చిన్న ఇన్వర్టరు చాలు. ముప్ఫయ్యేళ్ళు వడ్డీలు లెక్కేసిన చెయ్యండీ ఇది. గ్రైండరు పడవెక్కింది. (చప్పట్లు) రాళ్ళ బరువు గురించి ఆయన ఇప్పటికీ సణుగుతూనే ఉంటారు. కొచ్చి వేడికి పిండి త్వరగా పొంగుతుంది, అదొక లాభం.

వంటింటి గురించి త్వరగా చెప్పేస్తాను. గ్యాసు గాలికంటే బరువైనది. ఇంట్లో లీకయితే కిటికీ తీస్తాం. పడవలో కిటికీ కిందనుంచి ఉండదు కదా, గ్యాసు వెళ్ళి అడుగున గుంటలో కూర్చుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకని సిలిండరు బయట, లోపలికి దారి లేని పెట్టెలో ఉంటుంది. ఆ పెట్టె అడుగు కన్నంలోంచి గ్యాసు బయటికే పోవాలి. వంట అయ్యాక సిలిండరు దగ్గరే కట్టెయ్యాలి, ప్రతిసారీ. అట్టపెట్టెలు పడవలోకి రానివ్వను, వాటి మడతల్లో బొద్దింక గుడ్లుంటాయి. సామాను ఒడ్డునే విప్పి డబ్బాల్లో పోసుకోవడమే. కుక్కరుకి మూత బిగుసుకుంటుంది కనక పడవ ఊగినా పప్పు గోడకి అంటదు. ఆవకాయకి ఫ్రిజ్ అక్కర్లేదు. నావికుల తిండి కనిపెట్టింది మనవాళ్ళే అని నా నమ్మకం, ఋజువు అడక్కండి.

ఇప్పుడు నాకు సిగ్గేసిన సంగతి ఒకటి. మొదట్లో పని పంచుకున్నాం. ఇంజిను, తాళ్ళు, లంగరు ఆయనవి. నీళ్ళు, వంట, లెక్కలు నావి. ఇంట్లో ఎలాగో అలాగే. ఒక పొద్దున్న కొచ్చి రేవులో అటు ఇటు తిరిగి వద్దామని బయల్దేరాం. ఆటు సమయం, నీళ్ళు సముద్రం వైపు జోరుగా లాగుతున్నాయి. ఇంజిను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పాత ట్యాంకులో డీజిలు అడుగున పేరుకున్న నల్లటి జిగురు ఫిల్టరుకి అడ్డం పడింది. ఆయన లోపల ఇంజిను దగ్గర తలదూర్చి, "లంగరు వెయ్యి, లంగరు వెయ్యి!" అని అరుస్తున్నారు. నేను పరిగెత్తి గొలుసు వదిలేశాను. లంగరు దిగింది, దాని నెత్తిన గొలుసంతా కుప్పగా పడింది. పడవ ఆగలేదు. ఎదురుగా ఫోర్ట్ కొచ్చి చీనా వలల కొయ్యలు పెద్దవవుతున్నాయి.

నాకు తెలియనిది ఏమిటంటే, లంగరు బరువుతో పట్టుకోదు, అడ్డంగా లాగితే నేలలోకి దిగి పట్టుకుంటుంది. నీటి లోతుకి అయిదింతలైనా గొలుసు పరవాలి, గాలెక్కువైతే ఏడింతలు. అదీ పడవ వెనక్కి జరుగుతుంటే కొద్దికొద్దిగా వదలాలి. మాది పది మిల్లీమీటర్ల గొలుసు, మీటరుకి రెండు కిలోలకి పైనే. కుప్పగా పడితే రాళ్ళమూట కిందికి తోసినట్టే. ఒక చేపల పడవతను తాడు విసిరి మమ్మల్ని పక్కకి లాగి, "చేచీ, పేడిక్కండా" అన్నాడు. భయపడకక్కా అని. డబ్బులిస్తే తీసుకోలేదు. మా గొలుసు చూసి నవ్వుకుంటూ వెళ్ళాడు.

ఆ రాత్రి ఇద్దరం నోట్‌బుక్ తీసి పంపకాలు కొట్టేశాం. ఇప్పుడు ఒక వారం ఇంజిను నాది, వంట ఆయనది. ఫిల్టరు మార్చి, పైపుల్లో గాలి తీసేసి, ఇంజిను మళ్ళీ ఆడించడానికి నాకు ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది, ఆయనకి పన్నెండు. ఆయన చేసిన చారు ఇంకా పన్నెండుకి రాలేదు. (నవ్వులు)

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(సభలోంచి ఒకరు: "అమ్మా, మీ పడవని మన మద్రాసుకి ఎప్పుడు తీసుకొస్తారు?")

బాబూ, మంచి ప్రశ్న. మ్యాప్‌లో చూస్తే మూల తిరిగితే వచ్చేస్తాం అనిపిస్తుంది. కానీ రామసేతు దగ్గర నీళ్ళు లోతు లేవు, మా పడవకి నీటి కిందే 1.7 మీటర్లుంది. పెద్ద ఓడలన్నీ శ్రీలంక చుట్టూ తిరిగే వస్తాయి. పాంబన్ దగ్గర రామేశ్వరం వెళ్ళే రైలు వంతెన ఎత్తితే చిన్న పడవలు దాటొచ్చు. 2025 ఏప్రిల్‌లో ప్రారంభించిన కొత్త వంతెన నిలువుగా 17 మీటర్లు పైకి లేస్తుంది. మా తెరచాప స్తంభం కొలిస్తే దానికంటే తక్కువే వచ్చింది, కానీ కాలవ లోతు స్వయంగా విచారించకుండా నేను మాట ఇవ్వను. పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు తుపాన్లు. 2016లో వర్దా వచ్చిన రోజు మా వీధిలో పడిన చెట్లు నేను మర్చిపోలేదు. ముందు పడమటి తీరం. డిసెంబరు నుంచి మార్చి దాకా అక్కడ పగలు సముద్రం నుంచి, రాత్రి నేల మీదనుంచి గాలి వస్తుంది, నేర్చుకునేవాళ్ళకి అది చాలు.

(ఇంకొకరు: "పూర్తిగా అందులోకి మారేది ఎప్పుడు?")

ఫ్లాటు అద్దెకిచ్చేశాం, వచ్చే నెల ఒకటి నుంచి. కాబట్టి ఆ తేదీ మా చేతిలో లేదు. స్తంభాన్ని పట్టుకునే స్టీలు తీగలు రెండు మార్చాలి, టాయిలెట్టు గొట్టం ఒకటి మార్చాలి. ఆ గొట్టం ఎవరి వారంలో పడుతుందా అని ఇద్దరం కేలెండరు చూసుకుంటున్నాం.

అన్నట్టు, ఆ వాల్వు ఎవరి దగ్గరుంది? ఇచ్చెయ్యండి, దాన్ని ఆ కొట్టాయనకి కూడా ఒకసారి చూపించాలి.